రోహిణి కార్తెలో మారథాను, ధవళేశ్వరంలో మేస్త్రి

మనలో మాట. నలభై దగ్గర పడుతున్న సాఫ్ట్‌వేరు వాడికి మూడు దార్లుంటాయి. ఒకటి రియల్ ఎస్టేటు, రెండు ఆర్గానిక్ వ్యవసాయం, మూడు మారథాను. మొదటి రెండిటికీ డబ్బులు కావాలి కాబట్టి నేను మూడోదాంట్లో పడ్డాను :)

హైదరాబాదు మారథాను జరిగేది ఆగస్టు నెలాఖర్లో. నెట్లో దొరికిన శిక్షణ ప్లాను పద్దెనిమిది వారాలది. ఎక్సెల్ షీట్లో వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే మొదటి వారం ఏప్రిల్ ఆఖర్న పడింది. అంటే అసలు కష్టమైన వారాలన్నీ మే, జూన్లలో. ఆ ప్లాను రాసిన మహానుభావుడికి రోహిణి కార్తె అంటే ఏంటో తెలిసే అవకాశం లేదు. రోళ్ళు పగిలే ఎండలని మనవాళ్ళు ఊరికే అనలేదు కదా. కానీ ఎక్సెల్ షీట్లో గడి ఉంటే దాన్ని ఆకుపచ్చ చెయ్యకుండా ఉండలేని జబ్బు మనందరికీ ఉన్నదే.

మే నెలలో ఇంటి నుంచి పని అనుమతి తీసుకుని రాజమండ్రి వెళ్ళాను. అమ్మా నాన్నా ఉంటారు, గోదారి గట్టుంది, పరిగెత్తడానికి ఇంకేం కావాలి? ఆరో వారం, ఆదివారం, 24 కిలోమీటర్లు. పుష్కరాల రేవు దగ్గర మొదలెట్టి, గట్టెమ్మట ధవళేశ్వరం, అక్కణ్ణుంచి కాటన్ బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం, మళ్ళీ వెనక్కి. అసలైతే నాలుగున్నరకి బయల్దేరాలి. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా ఆఫీసు రిలీజు ఉంది. (నేను పనిచేసేది సరుకులు ఇళ్ళకి చేర్చే ఒక కంపెనీలో, ఏ బండి ఏ దారిన ఎంతసేపట్లో వెళ్ళాలో లెక్కగట్టే టీములో. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.) లేచేసరికి ఆరు.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు బ్యారేజీ మీద మొదలైంది అసలు కథ. పైన ఎండ, కింద సిమెంటు, రెండు పక్కలా ఇసక మేటలు. నీడన్నది లేదు. గాలి కదలదు, చెమట ఆరదు. ధవళేశ్వరం వైపు దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. అంత ఎండలోనూ ఒళ్ళు జలదరించి చలేసింది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇది మంచి లక్షణం కాదని చదివాను, తెలుసు. అయినా ఆగలేదు. ఎందుకంటే చేతివాచీలో పద్దెనిమిది చూపిస్తోంది, ఇంక ఆరే.

ఆ రోజుల్లో కాలవలు కట్టేసి ఉంటాయి. పూడిక తీసే కూలీలు పని ముగించుకుని గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు కింద కూర్చున్నారు. అందులో ఒకావిడ నన్ను చూసి గట్టిగా కేకేసింది.

"ఓ బాబూ! ఆగండాగండి. మొకం అలా పాలిపోయిందేంటండీ?"

"ఇంకో ఆరు కిలోమీటర్లేనండీ," అన్నాను పరిగెడుతూనే.

పక్కనున్న పెద్దాయన అన్నాడు, "ఆరు కిలోమీటర్ల అవతల ఎవరన్నా ఎదురు చూత్తన్నారేంటండి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆగాను. ఆగంగానే కాళ్ళు మడతపడ్డాయి. వాళ్ళే కూర్చోబెట్టి, తలమీదా మెడమీదా నీళ్ళు పోసి, తువ్వాలుతో విసిరి, కాస్త తేరుకున్నాక స్టీలు క్యానులోంచి ఉప్పేసిన తరవాణి తేట గ్లాసుతో ఇచ్చారు. పావుగంటకి మాట తిన్నగా వచ్చింది. అప్పుడు ఆ పెద్దాయన తీరిగ్గా అడిగాడు.

"మేం అయిదింటికి దిగి ఎనిమిదింటికల్లా చేతులు కడిగేసుకున్నామండి. మా మేస్త్రి మంచోడు, ఎండెక్కితే ఆపెయ్యమంటాడు. అందరు మేస్త్రులూ అలా ఉండరనుకోండి. మరి మీ మేస్త్రి ఎవరండి?"

నేను వాచీ వంక చూసుకున్నాను. ఆయన కూడా చూశాడు. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు. ఆటోలో ఇంటికొచ్చాను.

ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఎండలో ఎవరు పనిచేస్తారు, ఎవరు ఆపమంటారు, ఆగే హక్కు ఎవరికుంటుంది? నేను కూలబడ్డ చోటికి కూతవేటు దూరంలోనే ఈ ప్రశ్నకి 1847 నాటి చరిత్ర ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట కథ మనందరం చిన్నప్పుడే విన్నాం. 1833 చుట్టుపక్కల కరువులు, 1839 కోరంగి ఉప్పెన, వీటన్నిటితో అప్పటి రాజమండ్రి జిల్లా కుదేలైపోయింది. 1821కీ 1841కీ మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆర్థర్ కాటన్ వచ్చాడు, చూశాడు, ఆనకట్ట కడితే ఈ నేల బతుకుతుందని కంపెనీ వాళ్ళని ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు పాయలకి అడ్డంగా నాలుగు కట్టలు. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ 1970లో మొదలుపెట్టి 1982కి కట్టింది. పాత ఆనకట్ట స్థానంలో వచ్చింది.

ఇందులో మనం సాధారణంగా ఆలోచించని చిన్న సంగతి ఒకటుంది. ఆనకట్ట ఎప్పుడు కడతారు? వరద గోదారిలో కట్టలేరు. జూన్ జులైలో ఎర్రనీళ్ళొస్తే అక్టోబరు దాకా ఏట్లో కాలు పెట్టడానికి ఉండదు. నీళ్ళు తీసి ఇసక తేలాక, ఆ ఇసకలో బావులు దింపి, వాటిమీద పునాది కట్టుకుంటూ రావాలి. మళ్ళీ వరదొచ్చేలోగా ఆ ఏడు కట్టినది నిలబడేంత బలంగా తయారవ్వాలి. అంటే అసలు గడువు ఎప్పుడు ముంచుకొస్తుంది? మార్చి, ఏప్రిల్, మే. గోదారి తీస్తేనే కట్ట, గోదారి తీసేది ఎండల్లో. మన ప్రాజెక్టుల్లో డెడ్‌లైను జరుపుకోవచ్చు. వరదని జరపలేరు.

ఆ ఎండల్లో పదివేల మంది దాకా కూలీలు ఇసకలో పనిచేశారు. వడ్రంగులు, కమ్మర్లు వేరే. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తేవడానికి చిన్న పట్టాల దారి వేశారు. మనదేశంలో అన్నిటికన్నా ముందు వేసిన రైలు దారుల్లో అదొకటి. బొంబాయి ఠాణా రైలు కంటే పాతది. ఇంతమంది జనాన్ని కూడగట్టి పని నడిపించినవాడిగా వీణం వీరన్న పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1848లో కాటన్ ఆరోగ్యం పాడైంది. పని కెప్టెన్ ఓర్‌కి అప్పజెప్పి ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1850లో తిరిగొచ్చాడు. కాటన్ దొరని తక్కువ చెయ్యడానికి ఇది చెప్పట్లేదు. మా తాతల కాలం నుంచీ మా ఇంట్లో ఆయన పటం ఉంది, ఇకముందూ ఉంటుంది. అంత పట్టుదల మనిషికి కూడా ఒళ్ళు మొరాయించింది, ఆగమంటే ఆగాడు, బతికాడు, తిరిగొచ్చి పూర్తిచేశాడు. 1899 దాకా, తొంభై ఆరేళ్ళు జీవించాడు. ఆగడం వల్ల ఆనకట్ట ఆగలేదు. కానీ రాయి మోసే మనిషికి ఆస్ట్రేలియా లేదు. కరువులో మిగిలినవాడు, ఆ పూట కూలి ఆ పూట తిండి. వాడు ఎప్పుడాగాలో చెప్పాల్సింది మేస్త్రి. ఆ మేస్త్రి మంచివాడా కాదా అన్నదాని మీదే అంతా ఉంది. మనం చెప్పుకునే కథలో పేర్లు రెండో మూడో. పదివేలకి లేవు.

సరే, ఎండలో పని అలా ఉంచండి. ఎండలో పరుగు మాత్రం మనదగ్గర కొత్తా? దాని చరిత్ర కూడా చూద్దాం.

మన తెలుగు బ్లాగుల్లో ఒకప్పుడు పోస్టుని "టపా" అనేవాళ్ళం, గుర్తుందా? తపాలా నుంచి వచ్చిన మాట. రైళ్ళు రాకముందు ఆ తపాలా నడిచింది మనుషుల కాళ్ళమీదే. టపా మోసే రన్నరు చేతిలో ఈటె, దానికి గంటలు, భుజాన సంచీ. అయితే ఒక్కడే మద్రాసు నుంచి కలకత్తా దాకా పరిగెత్తేవాడు కాదు. నాలుగైదు కోసులకో మజిలీ. అక్కడ సంచీ ఇంకొకడి భుజానికి మారుతుంది. అందుకే దాన్ని అంచె అన్నారు, అంచెలంచెలుగా అన్న మాట మనకిప్పటికీ ఉంది. 1900లో గోదారి మీద మొదటి రైలు వంతెన, అదే హేవలాకు వంతెన, తెరిచాక టపా ఆవిరి బండెక్కేసింది. కంపెనీవాళ్ళు దయామయులై అంచెలు పెట్టలేదు. అలిసిపోయినవాడి చేతిలో ఉత్తరం ఆలస్యమవుతుందని వాళ్ళకి తెలుసు. కారణం ఏదైతేనేం, ఆగడం అన్నది ఆ వ్యవస్థ డిజైన్లోనే ఉంది.

ఆధునిక మారథాన్లో ఈ తెలివి మొదట్లో లేదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ సంగతి చూడండి. ఆగస్టు మధ్యాహ్నం, 32 డిగ్రీల పైచిలుకు ఎండ, దుమ్ము రోడ్లు. దారి మొత్తం మీద నీళ్ళు దొరికే చోట్లు ఒకటో రెండో. అది నిర్వాహకుల మతిమరుపు కాదు, నీళ్ళు తాగకుండా మనిషి ఎంత దూరం పరిగెత్తగలడో చూద్దామన్న ఉత్సాహం. 32 మంది బయల్దేరితే 14 మంది పూర్తిచేశారు. గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో అతని మనుషులు నీళ్ళు సరిగ్గా ఇవ్వలేదు గానీ స్ట్రిక్నిన్, గుడ్డు తెల్లసొన, బ్రాందీ పట్టించారు. స్ట్రిక్నిన్ అంటే ఎలకల మందు. ఆఖర్లో అతన్ని ఇద్దరు పట్టుకుంటే గీత దాటాడు.

దానికంటే నన్ను కదిలించింది 1912 స్టాక్‌హోం మారథాను. ఆ రోజూ ఎండే, 30 డిగ్రీలు దాటింది. సుమారు సగం మంది మధ్యలోనే ఆగిపోయారు. ఫ్రాన్సిస్కో లాజరో అని పోర్చుగల్ నుంచి వచ్చిన వడ్రంగి. ఎండ తగలకుండా ఒంటికి కొవ్వు లాంటిదేదో పూసుకున్నాడంటారు. దాంతో చెమట బయటికి రాలేదు. 30వ కిలోమీటరు దగ్గర పడిపోయాడు, మర్నాడు చనిపోయాడు. ఆధునిక ఒలింపిక్స్‌లో పోటీ మధ్య కుప్పకూలి పోయిన మొదటి మనిషి.

అదే పోటీలో షిజో కనకురి అని జపాన్ కుర్రాడు ఉన్నాడు. అతనూ ఎండకి తాళలేకపోయాడు. కానీ దారిలో ఒక ఇంటి తోటలో జనం కూర్చుని ఏదో తాగుతుంటే అక్కడ ఆగాడు. వాళ్ళిచ్చింది తాగాడు, సేదదీరాడు. సిగ్గేసి ఎవరికీ చెప్పకుండా జపాన్ వెళ్ళిపోయాడు. స్వీడన్ వాళ్ళు చాలాకాలం అతన్ని తప్పిపోయినవాడిగానే లెక్కేశారు. తర్వాత అతను మరో రెండు ఒలింపిక్స్ పరిగెత్తాడు. 1920లో మొదలైన హకోనె ఎకిడెన్ వెనక ఉన్నదీ అతనే. ఎకిడెన్ అంటే ఏంటనుకున్నారు? అంచె పరుగు! 1967లో స్వీడన్ వాళ్ళు పిలిచి మరీ ఆ పాత మారథాను పూర్తి చేయించారు. పట్టిన సమయం 54 ఏళ్ళ 8 నెలల చిల్లర. 1983లో తొంభై దాటి పోయాడు.

ఇద్దరూ ఒకే ఎండలో పరిగెత్తారు. ఒకడు ఆగాడు, ఒకడు ఆగలేదు. ఎకిడెన్ సంగతి చదివినప్పుడు నాకు నిద్రగన్నేరు చెట్టు కింద తరవాణి గ్లాసు గుర్తొచ్చింది. నన్ను కూడా ఎవరో తోటలోకి పిలిచారు, అంతే తేడా.

ఇంతకీ ఎండకి ఒళ్ళు అలవాటు పడుతుందా? పడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పది పధ్నాలుగు రోజులు ఎండలో శ్రమిస్తే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె తక్కువ కొట్టుకుంటుంది. ఇప్పుడు పరుగు వాచీల్లో "ఎండ అలవాటు 60 శాతం" అని చూపిస్తారే, అది ఇదే. ఈ జ్ఞానం పెద్ద ఎత్తున పోగుపడింది ఎక్కడో తెలుసా? దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. 1920లు, 30ల్లో, లోతు గనుల వేడికి కొత్తగా దిగిన నల్లజాతి కూలీలు వడదెబ్బతో చనిపోతుంటే, పని ఆగకూడదని ఎవర్ని దింపాలో, ఎన్నాళ్ళు అలవాటు చేసి దింపాలో కొలిచారు. ఇంకోటి, తడి బల్బు, నల్ల గోళం, మామూలు థర్మామీటరు కలిపి లెక్కగట్టే ఎండ సూచీ. 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్ళు ఎండకి పడిపోతుంటే తయారుచేశారు. అందులో తడి బల్బుకి 0.7 వాటా, గోళానికి 0.2, మామూలు ఉష్ణోగ్రతకి 0.1. మన డెల్టాలో టీవీ వాడు 38 అన్నా ప్రాణం ఎందుకు పోతున్నట్టుంటుందో ఈ ఫార్ములా చూస్తే తెలుస్తుంది. ఉక్కపోతకే ఎక్కువ మార్కులు.

అంటే నా సరదా పరుగుకి పనికొస్తున్న ప్రతి లెక్క వెనకా ఆగే హక్కు లేని మనిషి ఒకడున్నాడు.

ఇంకో లెక్క మనవాళ్ళది. 2002 బోస్టన్ మారథాన్లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తగ్గిందని 2005లో తేల్చారు. నీళ్ళు తక్కువై కాదు, అతిగా తాగి. ఉత్త నీళ్ళు లీటర్లకొద్దీ పట్టించడం కూడా ముప్పేనన్నమాట. ఉప్పేసిన మజ్జిగ, తరవాణి, గంజి, చద్దన్నంలో ఉల్లిపాయ అని మన పొలం పనివాళ్ళు ఏ పరిశోధనా లేకుండా పట్టుకున్నది దీన్నే. తెల్లారగట్ల అయిదింటికి దిగి ఎనిమిదికి చేతులు కడుక్కోవడం కూడా అలాంటిదే. నా పద్దెనిమిది వారాల ప్లానులో లేని రెండు గళ్ళూ ఇవే.

ఆ తర్వాత నేను ప్లాను మార్చుకున్నాను. ఆదివారం నాలుగింటికే బయల్దేరడం, ముందు రోజు రిలీజు ఉంటే పరుగు మానెయ్యడం, కిలోమీటర్లు కాకుండా నిమిషాలు లెక్కెయ్యడం, ఎప్పుడూ ఇంటికి మూడు కిలోమీటర్ల లోపలే గింగిరాలు కొట్టడం, చలి వేస్తే ఆగిపోవడం. అమ్మ చేత తరవాణి కుండ పెట్టించాను. ఆవిడకి నేను పరిగెత్తడం కంటే కుండ అడగడమే ఎక్కువ ఆశ్చర్యం. ఆగస్టులో హైదరాబాదులో ఆఖరి ఏడు కిలోమీటర్లలో మూడుసార్లు ఆగి, నడిచి, అయిదు గంటలకి కాస్త అటూ ఇటూగా పూర్తిచేశాను. సమయం ఎవరికీ చెప్పుకునేలా లేదు. ఒళ్ళు బావుంది.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న ముక్కకి వద్దాం.

2003 మే నెలలో మన ఉమ్మడి రాష్ట్రంలో వడగాల్పులకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ వెయ్యి దాటింది. పోయింది ఎక్కువగా ముసలివాళ్ళు, రోజు కూలీలు. ఆ తర్వాత హెచ్చరికలు, చలివేంద్రాలు పెరిగాయి. వేసవిలో తక్కువ పనికి పూర్తి కూలి లెక్కగట్టి ఉపాధి హామీ పనుల్లో భత్యం ఇచ్చిన ఏళ్ళూ ఉన్నాయి. అంటే మేస్త్రి మంచితనం మీద వదలకుండా నియమంగా రాయొచ్చని తేలింది.

ఇప్పటి పట్నంలో ఆ మేస్త్రి ఎవరు? మధ్యాహ్నం రెండింటికి మన గేటు దగ్గర హెల్మెట్ తీసి మొహం తుడుచుకునే కుర్రాడికి ఇంకా ఎన్ని నిమిషాలుందో చెప్పేది ఒక ఫోను తెర. ఆ నిమిషాలు లెక్కగట్టే కోడు మా టీముది. అందులో ట్రాఫిక్ ఉంది, వాన ఉంది, లిఫ్టు కోసం పట్టే సమయం కూడా ఉంది. ఎండ లేదు. నేనే మూడేళ్ళుగా ఆ కోడు చూస్తున్నాను, నాకూ తట్టలేదు. టపా మోసేవాడికి మజిలీలు పెట్టిన కంపెనీ కంటే మనం వెనకబడ్డాం.

మర్నాడు సోమవారం స్టాండప్‌లో ఈ మాట ఎత్తాను. మంచి ఐడియా అన్నారు. ఎండ సూచీ ఒక గీత దాటితే గడువు పెంచాలి, వరస ఆర్డర్ల మధ్య విరామం పెట్టాలి, దానికి డబ్బు కొయ్యకూడదు అని టికెట్ రాశాను. ఆ టికెట్ ఇంకా బ్యాక్‌లాగ్‌లోనే ఉంది. ప్రతి స్ప్రింటు ప్లానింగులోనూ దాన్ని పైకి లాగుతున్నాను, ప్రతిసారీ అది కిందకి జారుతోంది. ఈసారి మార్చి లోపల కావాలని పట్టుబట్టాను. ఎందుకంటే వరదలాగే ఎండకాలాన్ని కూడా మనం జరపలేం.

మీలో ఇలాంటి కోడు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. మీ షెడ్యూలరులో ఎండ ఒక వేరియబులేనా, ఒక్కసారి చూడండి.